మూత లేని గిన్నె

సాగర్ హిల్ కాలనీల క్వార్టర్లు ఖాళీ చేసిన యాడాది
జానయ్య తెచ్చిన గోనెసంచిల
పలిగిన కుక్కరు, నోరు పోయిన రేడియో,
అట్టడుగున ఇది.
అయస్కాంతం పెట్టిండు, అంటలే.
గోటితోటి కొట్టిండు, మోగింది.
ఇనుము గాదు, ఇత్తడి గాదు, సిల్వరు గాదు,
తూకానికి రానిదానికి రేటెక్కడిది?
"పారెయ్" అన్నడు.
నేను పొయ్యి మీద పెట్టిన.

తెల్లటి గిన్నె, పక్కకు మూడు నీలం పూలు.
మా అత్త ఇద్దమ్మ కండ్లకు దగ్గెర పెట్టుకొని సూసి
కట్లపూలే అన్నది.
తర్వాత కాదన్నది.
"ఏ దేశపు చేనుగట్టువో, మనకెందుకు,
పాలు పొంగుతున్నయి సూడు."

మొదటి దినం భయపడ్డ,
మంట తగిలితే పటాల్మంటదని
తలుపు చాటుకెల్లి సూసిన.
పప్పు ఉడికింది.
దించి, మరిచిపోయి,
సల్లనీళ్ళ గోలెంల ముంచిన.
సుయ్యిమన్నది, అంతే.
ఆనాటి సంది అది మా ఇంటిది.

ఇంట్ల ప్రతి గిన్నెకు పేరున్నది.
చెంబు మీద మా మామ పేరు,
బిందె మీద ఆడిబిడ్డ పెండ్లి తారీఖు,
దీనికి మూతైన స్టీలు పళ్ళెం మీద
"చి.సౌ. మణెమ్మకు మేనమామ మట్టయ్య"
చుక్కలు చుక్కలుగ.
దీని మీద గూడ కొట్టిద్దామని బజారుకు తీస్కపోతే
మిషను సూది జారింది.
"ఇది పేరు పట్టదక్కా" అన్నడు పిలగాడు,
పది రూపాయలు గూడ తీసుకోలే.

పట్టనిది ఇంకోటున్నది.
మా బోరునీళ్ళు కాగి కాగి
లోపల సున్నం లెక్క గార కడతది,
ఇంత చింతపండు పెట్టి రుద్దితే పోతది.
అవే నీళ్ళు తాగిన ఇద్దమ్మ పండ్లు
ఇటుక రంగుకు తిరిగి నలభై ఏండ్లాయె.
మెడ తిప్పాల్నంటే మనిషే తిరగాలె.
కృష్ణ నీళ్ళు నల్లాల వచ్చేటాల్లకు
మోకాళ్ళు వంగుడు మరిచినయి.
ఒకనాడు కడిగి బోర్లించిన గిన్నె అంచు
వేలితోటి తడుముకుంట అన్నది:
"దీని పండ్లు మంచిగున్నయే మణెమ్మా."
నేను నవ్విన. ఆమె నవ్వలే.
ఇప్పుడు తల్చుకుంటే
నవ్విందేమో, పెదవులు మూసుకొని.

మొన్న మల్లేపల్లి అడ్డరోడ్డు కాడ
మా దుకాణం ముందల కారాగింది.
పాత సామాన్లు కూడేసే మేడం, హైదరాబాదు.
రాగి కాగుల కోసం వచ్చి
పొయ్యి దిక్కు సూసి ఆగిపోయింది.
ఉడుకుతున్న చుక్కకూర సంగతి అడగలే,
"అడుగు చూడొచ్చా?" అన్నది.
కూర ఇంకోదాంట్ల పోసి తిప్పి చూపించిన.
మసి కింద ఇంగ్లీషు అచ్చరాలు,
ఇన్నేండ్లు నేను వాటిని మరకనుకున్న.

ఆమె చెప్పింది: ఇది గాజే,
కానీ ఒకసారి చేసినంక మల్ల కాలుస్తరట,
లోపల కంటికి కానరాని రవ్వలు పుడతయట,
అందుకే వేడికి ఉబ్బదు, చలికి ముడుచుకోదు.
నాకు బట్టీల ఇటుక సంగతి ఎరికే,
తలూపిన.

నాలుగు వేలన్నది.
జానయ్య తక్కెడ వదిలిపెట్టి లేచి నిలబడ్డడు.
ఐదన్నది.
"తీస్కపోయి ఏం వండుతరు?"
వండరట. అద్దాల బీరువాల పెడతరట.
ఆమె కాడ ఇసుంటివి పదకొండున్నయట,
ఒక్కటి గూడ మంట మొకం సూడలేదట.
"అయితే మా దాంట్ల తినిపోండ్రి" అన్న.
జొన్నరొట్టె, చుక్కకూర.
పీట మీద కూసోని మంచిగ తిన్నది,
వేళ్ళకంటింది గూడ నాకింది.

పోయేటప్పుడు అడిగింది: "అసలు మూతేదమ్మా?
దీనికి గాజు మూత ఉంటుంది, పిడి ఉంటుంది."
ఎరుక లేదన్న. ఆ సంచిల రాలే.
కారు కదిలినంక ఉరికి అద్దం కొట్టిన:
"మేడం, మూత యాడన్న దొరికితే ఫోన్ చెయ్యిండ్రి.
తూకానికి గాదు,
మీ రేటుకే కొంట."

రెండు దినాలాయె,
జానయ్య నాతోటి మాట్లాడతలేడు.
గిన్నెల పప్పు మాత్రం
అడుగు గీకి మరీ తింటున్నడు.